మందుగా వచ్చిన ప్రేమ: ‘చక్రభ్రమణం’, ‘బలిపీఠం’ నవలల్లో దుఃఖోపశమనం

తెలుగు ప్రేమ నవల మీద విమర్శకులు సాధారణంగా రెండు అభియోగాలు మోపుతారు. అది పాఠకురాలిని కలల్లో తేలుస్తుందని ఒకటి, సామాజిక వాస్తవికత నుంచి తప్పిస్తుందని మరొకటి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ (1966) వంటి నవలలను దృష్టిలో పెట్టుకుంటే ఈ అభియోగాలలో కొంత నిజం లేకపోలేదు. అయితే అదే దశకపు తొలి సంవత్సరాలలో పాఠకులను ఆకట్టుకున్న రెండు నవలలు, కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’, రంగనాయకమ్మ ‘బలిపీఠం’, ఆత్మీయతను కలగా గాక చికిత్సగా చిత్రించాయి. ఆ చికిత్స ఎంతవరకు పనిచేస్తుందన్న ప్రశ్నను కూడా అవి తమ కథలోనే వేసుకున్నాయి. ఈ వ్యాసం ఆ ప్రశ్నకే పరిమితం.

మొదట, ఈ నవలలు పాత ప్రేమకథ నుంచి ఎక్కడ వేరుపడ్డాయో చూడాలి. హైదరాబాదు పాతబస్తీలోని శాలిబండ ప్రాంతమే ఒకనాటి చిచ్లం గ్రామమని, భాగమతి ఆ ఊరి యువతి అని ఐతిహ్యం. ఆమె చారిత్రకతను హెచ్.కె. షేర్వాణీ తోసిపుచ్చగా, నరేంద్ర లూథర్ సమర్థించారు. ఆ వివాదం ఇక్కడ అప్రస్తుతం. కథానిర్మాణంలో గమనించవలసింది ఒక్కటే. మహమ్మద్ కులీ ప్రేమకు అడ్డం వచ్చినది వరదతో పొంగిన మూసీ. 1578 నాటి పురానాపూల్‌ను జనం ఆ కథకే ముడిపెట్టి చెప్పుకుంటారు. అంటే అడ్డంకి మనిషికి వెలుపల ఉంది, వంతెన కడితే తీరిపోయింది. 1960ల నవలలో అడ్డంకి మనిషి లోపలికి వచ్చింది. అక్కడ చనిపోయినవారు ఉన్నారు, లేదా చనిపోయినవారి పేరు మీద బతికున్నవారికి విధించిన శిక్ష ఉంది.

ఆ దుఃఖానికి తెలుగు కుటుంబంలో ఒక పంచాంగం ఉంది. మైల రోజులు, పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం. పరామర్శకు వచ్చేవారికి కూడా ఒక గడువు ఉంటుంది. గడువు ముగిసిన తర్వాత మిగిలిన దుఃఖం ఎక్కడికి పోవాలో ఆచారం చెప్పదు. నవల అక్కడ ప్రవేశించింది, పైగా వారం వారం వచ్చింది. శాలిబండలో ఒక ఇంట నేను చూసిన ‘బలిపీఠం’ ప్రతి అచ్చు పుస్తకం కాదు. వారపత్రిక పుటలను కత్తిరించి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసుకున్నది. కొన్ని పుటల వెనుక సగం తెగిన ప్రకటనలున్నాయి. (1895లోనే భారత గుణవర్ధక సంస్థ పేరుతో మరాఠీ గ్రంథాలయం వెలసిన పేట ఇది. ఉర్దూ, మరాఠీ చదువుల మధ్య తెలుగు నవల ఇంటి కుట్టుపనిగా నిలవడం ఆసక్తికరమైన విషయమే గాని, దానికి వేరే వ్యాసం కావాలి.) పుస్తకంగా రెండు పూటల్లో చదివి ముగించగల అరుణ అస్వస్థత ఆ పుటలు దాచుకున్న పాఠకురాలికి వారాల తరబడి సాగింది. ధారావాహికలోని స్వస్థతను అంచనా వేసేటప్పుడు ఈ కాలవ్యవధిని లెక్కలోకి తీసుకోవాలి. కోలుకోవడం త్వరగా జరిగిపోయిందన్న ఆక్షేపణ పుస్తకం చదివినవారిది.

‘చక్రభ్రమణం’ 1961లో ఆంధ్రప్రభ నవలల పోటీలో ప్రథమ బహుమతి పొందింది. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా చిత్రమైంది. ప్రాణప్రదమైన చెల్లెలు సుధను పోగొట్టుకున్న వైద్యుడు, మిత్రుడు రవీంద్ర భార్య అయిన మాధవిలో ఆ చెల్లెలిని చూసుకుంటాడు. కథాబీజం ఇంతే. పదిమందికి మందు ఇచ్చేవాడికి తన దుఃఖానికి మందు దొరకక, పోయిన మనిషి స్థానంలో మరొక మనిషిని నిలుపుకోవడం ఇందులో కీలకం. మన భాషలో ఇది అతి సులభం. ముక్కూముఖం తెలియని మనిషిని అక్కా, అన్నా, చెల్లీ అని పిలవడానికి తెలుగులో ఎవరి అనుమతీ అక్కరలేదు. పాతబస్తీ వీధిలో ఆపా, భాయ్ అన్న మాటలు కూడా అంతే ఉదారంగా తిరుగుతాయి. కాని మాటకు ఉన్న ఈ వెసులుబాటు సంబంధానికి లేదు. పిలుపును అంగీకరించిన సమాజమే, ఆ పిలుపు నిజమైన ఆప్యాయతగా మారగానే అనుమానిస్తుంది. చక్రవర్తి గాయం మానుతున్నకొద్దీ రెండు సంసారాలలో కొత్త గాయం తెరుచుకుంటుంది. కౌసల్యాదేవి సాధించినది ఈ వైరుధ్యమే. ఆ అనుమానాన్ని కేవలం దుర్మార్గుల కల్పనగా తీసేస్తే నవల సగానికి సగం తగ్గిపోతుంది.

‘బలిపీఠం’ మరింత కఠినమైన కథ. బ్రాహ్మణ బాలవితంతువైన అరుణ తీవ్రంగా జబ్బుపడి, సుమంగళిగా కన్నుమూయాలని కోరుకుంటుంది. హరిజనుడైన భాస్కర్ ఆమె కోరిక తీర్చడానికి పెళ్లి చేసుకుంటాడు. ఆమె బతుకుతుంది. ఇక్కడ నయమైనది ఏమిటి? తనకు సరిగా తెలియని భర్త కోసం అరుణ దుఃఖించిందనలేము. ఆమె దుఃఖం పోయిన మనిషిని గురించినది కాదు, పోయిన హోదాను గురించినది. బొట్టూ పువ్వులూ తిరిగి రావడమే ఆమెకు ఔషధం. వితంతువు శోకానికి మాత్రం పంచాంగంలో ముగింపు తేదీ లేదని గుర్తుంచుకుంటే, ఆ కోరికను మూఢత్వమని కొట్టివేయడం కష్టం.

వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆ వివాహం స్త్రీకి దక్కవలసిన న్యాయంగా వాదింపబడింది. భాస్కర్ చేసిన పెళ్లి న్యాయం కాదు, దయ. చనిపోబోయే మనిషికి చివరి కోరికగా ఇచ్చిన మందు. న్యాయంగా పొందినదానిని మనిషి నిలుపుకుంటాడు. మందుగా తీసుకున్నదానిని జబ్బు తగ్గాక మానేస్తాడు. అరుణ కోలుకుంటున్నకొద్దీ కులం తిరిగి లేచి కూర్చోవడంలోని తర్కం ఇదే. మరణశయ్య మీద కులం అడ్డు రాలేదు. వంటింట్లో, బంధువుల రాకపోకల్లో, పిల్లల పెంపకంలో అడ్డు వచ్చింది. చివరికి ఆమె భర్తను విడిచిపోవడం రచయిత్రి దృష్టిలో కులాహంకారం ఫలితం. ఈ నిర్ధారణ సరైనదే గాని సంపూర్ణం కాదు. తప్పంతా అరుణ మీద మోపి, భాస్కర్ ఆదర్శాన్ని నవల ప్రశ్నించకుండా వదిలేసింది. తనను దయతో స్వీకరించిన మనిషి ఎదుట సమానంగా నిలబడడం అరుణకు సాధ్యమా అన్న ప్రశ్న కథలో అడుగడుగునా పొంచి ఉంది. దానిని పాత్రలలో ఎవరూ నోరు తెరిచి అడగరు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఈ నవలను 1975లో దాసరి నారాయణరావు చిత్రంగా తీశారు. కులాంతర వివాహ సమస్యా నవలగానే దీనికి ఎక్కువ పేరు. స్వస్థత కథగా చదివినప్పుడు మాత్రమే ఆ సమస్యకు మూలం పెళ్లి తర్వాత కాక, పెళ్లికి కారణమైన క్షణంలోనే ఉందని కనిపిస్తుంది.

రెండు నవలల్లోనూ రోగి ఎవరో స్పష్టంగా తెలుస్తుంది. మందైన మనిషి సంగతి అంత స్పష్టం కాదు. భాస్కర్ కనీసం తెలిసి, ఒప్పుకొని ఆ పాత్రలోకి వెళ్లాడు. మాధవికి ఆ అవకాశం లేదు. తాను ఎన్నడూ చూడని సుధ పోలిక ఆమె మీద పడింది. ఆ పోలిక వల్ల వచ్చిన అప్రతిష్ఠ కూడా ఆమె మీదనే పడింది. చక్రవర్తి దుఃఖానికి నవల ఎన్నో పుటలు ఇచ్చింది. ఆమె పేరుతో గాక మరొకరి పేరుతో ప్రేమింపబడిన మాధవికి ఆ ప్రేమ ఏమిచ్చిందని అడగడానికి మాత్రం కథలో భర్తకూ తీరలేదు, డాక్టరుకూ తీరలేదు.