గాయకులు మారినా బృందం ఒకటే

జమైకా స్కా సంగీతం ఇవాళ మన చెవిదాకా వస్తోందంటే అది సంకలనాల పుణ్యమే. 1960ల మొదట్లో కింగ్‌స్టన్‌లో ఈ పాటలు ఏడంగుళాల చిన్న రికార్డుల మీద విడివిడిగా వచ్చాయి. చాలావాటి నిడివి మూడు నిమిషాలు దాటదు. వాటికి అసలు వేదిక సౌండ్ సిస్టమ్: వీధి డాన్సులకు మోసుకెళ్లే భారీ స్పీకర్లు, టర్న్‌టేబుల్, వాటి వెంట నడిచే జనం. మొదట్లో అక్కడ మోగింది అమెరికన్ రిథమ్ అండ్ బ్లూస్. సౌండ్ సిస్టమ్ యజమానులు క్లెమెంట్ కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్‌ల మధ్య పోటీ ఎంతదాకా వెళ్లిందంటే, తన దగ్గరున్న పాటేదో ఎదుటివాడికి తెలియకుండా రికార్డు మీది లేబుల్ గీకేసేవారు. విల్లిస్ జాక్సన్ శాక్సఫోన్ పాటొకటి కాక్సన్ చేతిలో పేరు మారి 'కాక్సన్ హాప్' అయిపోయింది. అమెరికాలో అభిరుచి రాక్ అండ్ రోల్ వైపు మళ్లి అలాంటి సరుకు తగ్గాక, వీళ్లు ఊళ్లోనే పాటలు చేయించుకోవడం మొదలుపెట్టారు.

స్కా సంకలనం అట్ట మీద పదిహేను ఇరవై మంది గాయకుల పేర్లుంటాయి. నన్నడిగితే కాసేపు ఆ పేర్లు పక్కనపెట్టి వాద్యాల మీదే చెవి పెట్టాలి. గొంతు మారుతున్నా వెనక వాయించేది చాలావరకు అదే కొద్దిమంది వాద్యకారులు. 1964లో వాళ్లే స్కటలైట్స్ పేరుతో బృందం కట్టారు. బాబ్ మార్లే, పీటర్ టోష్, బన్నీ వెయిలర్ కుర్రతనంలో పాడిన 'సిమ్మర్ డౌన్'కి వాయించిందీ వాళ్లే.

వాళ్ల పనితనం వినాలంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సమంగా లెక్కపెట్టండి. లాయిడ్ బ్రెవెట్ నిలువు బేస్ అంకెకో స్వరం చొప్పున ఎక్కడా ఆగకుండా నడుస్తుంది. లాయిడ్ నిబ్ డ్రమ్స్ బరువంతా రెండు, నాలుగు అంకెల మీద పడుతుంది. జా జెర్రీ గిటార్ మాత్రం ఏ అంకె మీదా పడదు. అంకెకీ అంకెకీ నడుమనున్న ఖాళీలో తీగలను ఒక్కసారి మీటి, నాదం సాగేలోపే వేళ్లతో అదిమేస్తాడు. పియానో కూడా అదే ఖాళీని పట్టుకుంటుంది. అడుగు నేలకు ఆనగానే మళ్లీ పైకి లేపేది ఆ దెబ్బే. రిథమ్ అండ్ బ్లూస్‌లో ఓ మూలనున్న ఈ ఎదురు దెబ్బను, థియోఫిలస్ బెక్‌ఫర్డ్ 'ఈజీ స్నాపింగ్' లాంటి పాటల నుంచి జమైకా వాళ్లు ముందుకు తెచ్చి నిలబెట్టారు. తర్వాత వచ్చిన రాక్‌స్టెడీ, రెగే కూడా దాన్ని వదల్లేదు.

ఇక హార్న్స్, అంటే ఊదే వాద్యాలు. టామీ మెకూక్, జానీ మూర్, లెస్టర్ స్టెర్లింగ్, డాన్ డ్రమండ్ నలుగురూ ఆల్ఫా బాయ్స్ స్కూల్ పిల్లలే. కింగ్‌స్టన్‌లో క్యాథలిక్ సన్యాసినులు పేద పిల్లల కోసం నడిపిన బడి అది. అక్కడి సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ పిల్లలకు రికార్డులు వేసి వినిపించేవారు. బడి బ్యాండులో స్వరలిపి చదవడం నేర్చుకుని, హోటళ్లలో జాజ్ వాయించి రాటుదేలిన చేతులు కాబట్టే, మూడు నిమిషాల డాన్సు పాటలో కూడా అంత అందమైన సోలో ఇమిడింది.

డ్రమండ్ ట్రాంబోన్ దగ్గర మాత్రం ఆగాల్సిందే. 'ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్' వినండి. కింద లయ చిందులేయిస్తుంటే పైన ఆ ట్రాంబోన్ తొందరపడకుండా దిగులుగా సాగుతుంది. డాన్సు పాటలో అంత విషాదం పట్టిన వాద్యకారుణ్ణి నేను మరొకర్ని వినలేదు. ఆయన చేసిన ఘోరాన్నీ దాచకూడదు. 1965 జనవరిలో తన సహచరి, నర్తకి, గాయని మార్గరీటాను చంపాడు. తర్వాత తనను ఉంచిన మానసిక చికిత్సాలయంలోనే 1969లో చనిపోయాడు. ఆమె పాడిన 'ఉమన్ ఎ కమ్' ఏ సంకలనంలో కనిపించినా దాటేయకండి.

1965లోనే స్కటలైట్స్ విడిపోయింది. మరుసటి ఏడాదికల్లా లయ నెమ్మదించి రాక్‌స్టెడీ వచ్చేసింది. 1979లో ఇంగ్లండ్‌లోని కొవెంట్రీ కుర్రాళ్లు టూ టోన్ పేరుతో స్కాను మళ్లీ మోగించినప్పుడు, ఐలండ్ రికార్డు సంస్థ 'ఇంటెన్సిఫైడ్' అనే సంకలనంలో 1962-66 నాటి అసలు పాటలను గుదిగుచ్చింది. ఇలాంటివి తర్వాత చాలా వచ్చాయి. కొనేముందు లోపలి పుస్తకం తిరగేయండి. గాయకుల పేర్లతో సరిపెట్టకుండా ఏ పాటకు ఎవరు ఏ వాద్యం వాయించారో రాసినదాన్నే ఎంచుకోండి. స్టూడియోలో కొద్దిపాటి కూలికి వాయించి వెళ్లిపోయిన ఆ మనుషుల పేర్లు చాలా రికార్డుల లేబుళ్ల మీద అసలు లేనేలేవు.