ఫిర్యాదు రాని మెషీన్

నెట్‌వర్క్ పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి కూర్చోబెట్టేవి డీహెచ్‌సీపీ బగ్‌లు. వైఫైలో చేరిన ఫోనుకు మనం ఏమీ నింపకుండానే ఐపీ అడ్రస్ ఇప్పించే పద్ధతి అది. అందులో తేడా వస్తే, తప్పు చేసిన మెషీన్ హాయిగా నడుస్తుంది. ఏ పాపమూ ఎరగని పక్క మెషీన్‌కి నెట్ తెగిపోతుంది. ఫిర్యాదు వచ్చిన చోట ఎంత వెతికినా ఏమీ దొరకదు.

సర్వర్ అడ్రస్‌ను మామూలుగా లీజుకే, అంటే కొంత గడువుకే, ఇస్తుంది. 1997లో రాల్ఫ్ డ్రామ్స్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2131 అనే ప్రమాణ పత్రంలో ఈ లెక్కంతా ఉంది. సగం గడువు కాగానే క్లయింటు, అంటే అడ్రస్ తీసుకున్న పరికరం, రెన్యువల్ అడగాలి. సర్వర్ పలకకపోతే, ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక ఏ సర్వర్ పలికినా సరేనని అందరినీ అడగాలి. గడువు తీరితే ఆ అడ్రస్‌తో పని అక్కడికక్కడే ఆపాలి. ఇద్దరి గడియారాలూ కలుస్తాయన్న నమ్మకం లేదు కాబట్టి గడువును సెకన్లలో చెబుతారు. జవాబు ఎప్పుడు అందినా, క్లయింటు ఆ సెకన్లను తాను అడిగిన క్షణం నుంచే లెక్కపెట్టుకోవాలి. దారిలో పోయిన సమయం తన ఖాతాలోకే. ఈ నియమం చదివినప్పుడల్లా రాసినాయన మీద నాకు గౌరవం పెరుగుతుంది.

2010లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ నెట్‌వర్క్ సిబ్బంది, అప్పుడే మార్కెట్‌లోకి వచ్చిన ఐప్యాడ్‌లు గడువు తీరిన అడ్రస్‌లతోనే తిరుగుతున్నాయని పట్టుకున్నారు. కొన్నిటిని నెట్‌వర్క్‌లోకి రానివ్వకుండా ఆపాల్సి వచ్చింది. తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ అలాంటి తీరే కనిపించింది.

నేను సరిచేసిన బగ్ కూడా ఆ కోవలోదే. లైనక్స్‌లో టైమర్లకు ఎక్కువగా వాడే మోనోటానిక్ క్లాక్, పరికరం స్లీప్‌లోకి వెళ్లగానే ఆగిపోతుంది. 8 గంటల లీజు తీసుకుని, గంట పనిచేసి, 10 గంటలు స్లీప్‌లో ఉండి లేచిన పరికరం తనకింకా 7 గంటలుందనే అనుకుంటుంది. ఈలోగా సర్వర్ ఆ అడ్రస్‌ను ఇంకొకరికి ఇచ్చేసి ఉంటుంది. ఇచ్చేముందు పింగ్ చేసి చూసే ఉంటుంది, తీసుకున్న మెషీన్ కూడా ఆ అడ్రస్ ఎవరైనా వాడుతున్నారా అని ఏఆర్‌పీతో అడిగి చూసుకునే ఉంటుంది. స్లీప్‌లో ఉన్నది ఎవరికి పలుకుతుంది? జాగ్రత్తలన్నీ తీసుకున్న మెషీనే చివరికి దెబ్బతింటుంది. నాకు బాధ కలిగించేది అదే.

స్లీప్ సమయాన్ని కూడా కలుపుకునే బూట్‌టైమ్ క్లాక్ 2011లో లైనక్స్ 2.6.39తో వచ్చింది. క్లాక్ మార్చడం చిన్న పని. అయితే పరికరం లేచాక, మన కోడ్‌కి వంతు వచ్చేలోపే వేరే యాప్ ఏదో పాత అడ్రస్‌తో ప్యాకెట్ పంపేయగలదు. కాబట్టి లేవగానే, ఎవరినీ నెట్ ముట్టుకోనివ్వకముందే, గడువు చూసుకోవాలి. అసలు కష్టమంతా ఈ వరుస కుదర్చడంలోనే.

పరీక్షకు లీజును 2 నిమిషాలకు కుదిస్తాను. పరికరాన్ని స్లీప్‌లో పెట్టి, దాని అడ్రస్‌ను కావాలనే మరో మెషీన్‌కి ఇప్పిస్తాను. ఆ తర్వాత దాన్ని లేపి, రెండో మెషీన్‌లో ప్యాకెట్లను పట్టి చూపించే టీసీపీడంప్ చూస్తాను. చాలామంది సరిచేసిన పరికరాన్నే చూసి సరిపెట్టుకుంటారు. దానికి ముందూ ఏ ఇబ్బందీ లేదు, అక్కడ చూసి లాభమేముంది? మా టీమ్‌లో ఎవరు ఇలాంటి ప్యాచ్ తెచ్చినా, రెండో మెషీన్‌లో పట్టిన ప్యాకెట్లు చూపించమని అడుగుతాను. అవి చూశాకే కోడ్ చదవడం మొదలుపెడతాను.