గాజు ఎవరి దీపంలో పలికింది?

ఇటలీ టేబుల్ దీపాల మాట ఎత్తగానే జియో పోంటీ గీసిన ‘బిలియా’, వీకో మాజిస్ట్రెట్టి గీసిన ‘అటోల్లో’ గుర్తొస్తాయి. ఇద్దరూ మిలాన్‌లో పుట్టినవాళ్లే, అక్కడి పాలిటెక్నిక్‌లోనే ఆర్కిటెక్చర్ చదివినవాళ్లే. అయితే ఒక తరం తేడా. బిలియా 1932 నాటిది. అటోల్లోను ఓలూచే సంస్థ 1977లో తెచ్చింది. రెండూ పదో తరగతి క్షేత్రమితి పాఠంలోంచి లేచొచ్చినట్టుంటాయి. బిలియా అంటే శంకువు మీద గోళం. అటోల్లో అంటే స్థూపం, దాని కొసన శంకువు, పైన అర్ధగోళం. పోలిక అక్కడితో సరి.

బిలియాలో లోహపు శంకువు మొన మీద తెల్లటి మసక గాజు గోళం కూర్చుంటుంది. ఇదిగో దొర్లుతుంది అనిపిస్తుంది, దొర్లదు. గాజుకు నిగనిగ లేకుండా చేశారు కాబట్టి లోపల బల్బు ఎక్కడుందో కంటికి చిక్కదు, గోళమంతా ఒకే తీరుగా వెలుగుతుంది. ఇందులో దీపం వేరు, దాని కప్పు వేరు కాదు. గాజే దీపం. అదే గోళాన్ని రేకుతో చేసి చూడండి, ఏమీ మిగలదు. పోంటీకి ఈ పట్టు ఊరికే రాలేదు. 1923 నుంచి 1930 దాకా రిచర్డ్ జినోరి పింగాణీ సంస్థకు కళా దర్శకుడు. ఆ తర్వాత గాజు కళాకారుడు పియెత్రో కియేజాతో కలిసి ఫొంతానా ఆర్తే సంస్థ గాజు పనికి రూపం ఇచ్చాడు.

మాజిస్ట్రెట్టి పద్ధతి వేరు. మంచి డిజైన్‌ను ఫోన్‌లో చెప్పి చేయించగలగాలనేవాడు. ఆయనకు నీడంటే మోజు. 1965లో ఆయన గీసిన ‘ఎక్లిస్సే’ దీపంలో లోపలి డొప్పను తిప్పితే బల్బు మెల్లగా మూసుకుపోతుంది. అటోల్లో కూడా ఆ కోవలోదే. మొదట వచ్చింది రంగు వేసిన లోహంలో. పై గొడుగు వెలుగును పైకి పోనివ్వదు. అది కిందికి జారి శంకువు మీద పడి, స్థూపం దగ్గరికొచ్చేసరికి సన్నగిల్లుతుంది. మధ్యలో సన్నటి కడ్డీ కంట పడదు కనుక గొడుగు గాల్లో తేలుతున్నట్టుంటుంది. 1979లో దానికి ఇటలీ డిజైన్ బహుమతి కొంపాస్సో దోరో దక్కడంలో వింతేమీ లేదు.

పాలగాజు అటోల్లో ఆ తర్వాత వచ్చింది. వెనిస్ దగ్గరి మురానో గాజు పనితనం, వంక పెట్టలేం. కానీ వెలుగు గొడుగులోంచి నలుదిక్కులా వచ్చేసరికి నీడ పోయింది. నీడ పోయాక ఏ ఆకారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. పెద్దది 70 సెంటీమీటర్ల ఎత్తు, గొడుగు అడ్డంగా 50. అంత తెలుపు ఒక్కసారిగా మీద పడితే కన్ను నిలిచే చోటుండదు. గదికి మెత్తటి వెలుగిస్తుంది, కాదనను. ఆ పని ఎన్నో దీపాలు చేస్తాయి.

గాజు దీపమే కావాలంటే బిలియా తెచ్చుకోండి. అటోల్లో మీద మనసు పడితే మాత్రం లోహపుదే కొనండి.