‘వనవాసి’ని మనం ఎలా చదవాలి?

మీకు బాగా ఇష్టమైన పుస్తకం ఏదని అడిగితే ‘వనవాసి’ పేరు చెప్పే తెలుగు పాఠకులు చాలామంది ఉన్నారు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీలో రాసిన ‘ఆరణ్యక్’ 1939లో పుస్తకంగా వచ్చింది. సూరంపూడి సీతారాం దానిని తెలుగు చేశారు. బీహారు అడవిలో వెన్నెల, సరస్వతీ కుండం చుట్టూ పూలమొక్కలు నాటే యుగళప్రసాదు ఎవరికైనా నచ్చుతారు. నాకూ నచ్చారు.

అయితే కథ చెప్పే సత్యచరణ్ ఉద్యోగం ఏమిటి? జమీందారు తరఫున అడవి భూమిని రైతులకు పంచి శిస్తు రాబట్టడం. అతని చేతుల మీదుగానే అడవి పోతుంది. సంతాల్ రాజు దోబ్రు పన్నా పశువులు కాసుకుని బతుకుతుంటాడు. ఆ ఇంటి పిల్ల భానుమతిని, భారతదేశం పేరు విన్నావా అని సత్యచరణ్ అడుగుతాడు. ఆమె వినలేదు. పాఠకులు అక్కడ జాలిపడతారు. తాతముత్తాతల సమాధులున్న చోటు ఆమెకు తెలుసు. దాని మీద ప్రశ్న వేసేవారు లేరు. మన పిల్లలకు పెట్టే పరీక్షలూ ఇలాగే ఉంటాయి.

సత్యచరణ్ తన తప్పు దాచుకోడు. ఆ నిజాయితీ వల్లే పుస్తకం నిలిచింది. కానీ అతను క్షమాపణ కోరేది అడవి దేవతలను. దోబ్రు పన్నా మనుషులను కాదు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ పుస్తకం తప్పక చదివించండి. చదివాక, ఇదే కథ భానుమతి చెబితే ఎలా ఉంటుందో పిల్లల చేత రాయించండి. కోయలోనో, గోండిలోనో, కువిలోనో, సవరలోనో, ఇంట్లో మాట్లాడే భాషలోనే రాయనివ్వండి.