మన ఎరుకను మనమే రాయాలి

పాపికొండల రెడ్ల గురించి చదవాలంటే 1945లో ఇంగ్లీషులో వచ్చిన హైమన్‌డార్ఫ్ పుస్తకమే ముందు చేతికి వస్తుంది. ఆయన పోడునూ పండుగలనూ శ్రద్ధగా రాశారు. కలప కాంట్రాక్టర్ల, షావుకార్ల దోపిడీనీ దాచలేదు. ఆ మేలు మేము కాదనం. అయితే మైదానంవాళ్ల రాకతో రెడ్లు ఎలా మారుతున్నారన్నదే ఆయన ప్రశ్న. మన పెద్దలు జవాబులు చెప్పారు. రాసింది చదివి, ఇది సరి, ఇది కాదు అనే వీలు మాత్రం వాళ్లకు లేకపోయింది.

ఆ లోటు మన తరగతి గదుల్లో నేటికీ ఉంది. మామిడి కొత్త చేయనిదే పండు ముట్టని ఇంటి పిల్ల కూడా పరీక్షలో "వారు అలా నమ్ముతారు" అని రాస్తుంది. ఇంటివాళ్లు "వారు" అయిపోయారు. పెద్దల ఎరుక "నమ్మకం" అయిపోయింది.

రాందయాళ్ ముండా వేరే దారి చూపారు. చికాగోలో భాషాశాస్త్రం చదివారు, అమెరికాలోనే పాఠాలు చెప్పారు. తర్వాత రాంచీకి తిరిగొచ్చి విశ్వవిద్యాలయంలో గిరిజన భాషల శాఖను నిలబెట్టారు. డోలూ పాటా వదలకుండానే ఆదివాసుల ధర్మచింతన మీద పుస్తకం రాశారు.

పోలవరం ముంపుతో దేవీపట్నం ఊళ్లు చెదిరాయి. కొండను చూపిస్తూ తాత చెప్పిన మాట, ఆ కొండ కనపడని కాలనీలో మనవడికి ఎలా అందుతుంది? మనిషి ఎరుకకూ నేలకూ ఉన్న ముడి ఏమిటి? ఇది మన పిల్లలు పరిశోధించాల్సిన ప్రశ్న. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రాసింది ముందు ఊళ్లో చదివి వినిపించండి. పెద్దలు దిద్దాకే యూనివర్సిటీకి ఇవ్వండి.