డిచ్‌పల్లి బస్సు

2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నామని లోక్‌సభలో చెప్పింది. పరిశోధకులకు వేరే పథకాలు ఉన్నాయట. మైనారిటీ పిల్లలు వాటిలోకీ వస్తారట. కాబట్టి ఇది అదనమట. ఈ 'అట'లను మా నిజామాబాద్, బోధన్ ఇళ్లలో కూచుని ఒకసారి విప్పి చూడాలి.

మా చదువుల గతి ఏమిటో 2006లో సచార్ కమిటీ లెక్కలతో చెప్పింది. 2009లో ఈ ఫెలోషిప్ వచ్చింది. ఏటా 756 మందితో మొదలై వెయ్యికి పెరిగింది. అవి కూడా మా ఒక్కరివి కావు. క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్శీలు, జైనులు, అందరం పంచుకోవాలి. దేశం మొత్తానికి వెయ్యి! దీన్ని బుజ్జగింపు అన్నవాళ్లూ ఉన్నారు.

సరే, అదనమే అనుకుందాం. మిగిలిన దారులేవి? సీఎస్ఐఆర్-నెట్ ఇంగ్లీషు, హిందీల్లో. గేట్ ఇంగ్లీషులోనే. ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివి ఎమ్మెస్సీ దాకా ఈడ్చుకొచ్చిన పిల్ల అక్కడ ఎవరితో పోటీ పడాలి? ఓబీసీ ఫెలోషిప్ ఉంది కదా అంటారు. రాష్ట్రంలో 2007 నుంచి బీసీ-ఇ కింద 4 శాతం వస్తున్నది నిజమే. కానీ కేంద్రం జాబితా వేరు. ఇక్కడున్న పేరు అక్కడుంటుందని హామీ లేదు. సయ్యదులు, పఠాన్లయితే బీసీ-ఇలో కూడా లేరు, ఇంట్లో పొయ్యి వెలిగినా వెలగకపోయినా.

సైన్సు పరిశోధనంటే పొద్దంతా ల్యాబులో ఉండాలి. చరిత్రలో పీహెచ్‌డీ చేసేవాడు పగలు దుకాణంలో కూచుని రాత్రి చదువుకుంటాడేమో (అదీ అన్యాయమే), కెమిస్ట్రీ అలా సాగదు. ఐదేళ్లు నెలనెలా డబ్బులు రావాలి. ఆ డబ్బు ఇంటికి చేరితేనే అమ్మీ చాట ముందు కూతురు కూచోకుండా తప్పుతుంది.

మా వైపు తప్పులూ చెప్పుకోవాలి. ఉస్మానియాలో 1918 నుంచే ఉన్నత చదువు ఉర్దూలో చెప్పారని ఇప్పటికీ మురుస్తాం. ఆ గొప్ప ఎక్కువగా దివాణాలవాళ్ల పిల్లలకే దక్కింది. బీడీలు చుట్టేవాళ్ల తాతముత్తాతలు ఆ మెట్లెక్కలేదు. 1998లో 'జల్‌జలా' వచ్చినప్పటి నుంచి మేం మా పేదరికాన్ని, మా మీద పడే అనుమానపు చూపుల్ని రాస్తున్నాం. రాయాల్సిందే. కానీ చాట ముందు కూచున్న అమ్మీ వచ్చినంతగా, గాజుకుప్పె పట్టుకున్న ఆమె బిడ్డ మా కవిత్వంలోకి రాలేదు. బాధపడే బొమ్మకే మేమూ అలవాటుపడ్డామా?

బోధన్‌లో నిజాం షుగర్స్ నడిచినన్నాళ్లు సైన్సు ఊళ్లోనే ఉండేది. చెరుకురసంలో చక్కెరెంతో కొలిచే పని కెమిస్ట్రీ కాక మరేమిటి? 2002లో దాన్ని ప్రైవేటు చేతుల్లో పెట్టారు. 2015 డిసెంబరులో మూతపడింది. శక్కర్‌నగర్ క్వార్టర్ల పిల్లలకు ఆ తలుపూ లేకుండా పోయింది.

2006లో పుట్టిన తెలంగాణ యూనివర్సిటీ డిచ్‌పల్లిలో ఉంది. నిజామాబాద్ నుంచి పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఆడపిల్లను హాస్టల్‌కు పంపాలంటే జంకే ఇళ్లకు ఇదెంత పెద్ద మాటో మాకు తెలుసు. నెలకింత వస్తున్నదని చూపితే అబ్బా ఇంకో రెండేళ్లు ఆగుతాడు. చూపడానికి ఏమీ లేనప్పుడు, సంబంధం పట్టుకొచ్చిన ఖాలా మాటే చెల్లుతుంది.