మీటిన తీగకు గాత్రం

గుంటూరు, ఒంగోలు వైపు చెవులు నాదస్వరం మీద పెరిగినవి. నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా పుట్టిన కరవది ఒంగోలు పక్కనే. ఆయన గురువుల్లో ఒకరైన ఆదం సాహెబ్‌ది చిలకలూరిపేట. ఊదేవాడి దమ్ము ఉన్నంతసేపు స్వరం నిలబడే ఆ వాద్యానికి అలవాటుపడ్డవాళ్లకు మాండొలిన్ మీద తోడి ఆలాపన అంటే మొదట నవ్వే వస్తుంది. మీటిన క్షణం నుంచే అరిగిపోయే స్వరం దానిది. పైగా మనకు తెలిసినంతలో అది సినిమా పాటల వాద్యం.

ఆ నవ్వును ఆపిన మనిషి ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి, ఆరేళ్లకే తండ్రి సత్యనారాయణ మాండొలిన్ చేతికి తీసుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే, విన్నది విన్నట్టు కుర్రవాడు తీగ మీద పలికించాలి. శ్రీనివాస్ బాణీకి పునాది ఇక్కడే పడిందని నా నమ్మకం. వేళ్లకు ఏది సులువో చూపించే గురువు లేడు కాబట్టి, గొంతు ఎటు వెళితే వేళ్లూ అటు వెళ్లక తప్పలేదు.

మామూలు మాండొలిన్‌కు నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. స్వరం నిలబడాలంటే ఆ జంటను పైకీ కిందికీ గబగబా మీటుతూనే ఉండాలి. ఇటలీ పాటకు ఆ వణుకు అందం. మన గమకానికి మాత్రం అది గండం: తోడి గాంధారం ఒక చోట నిలవదు, ఊగుతుంది, ఆ ఊపు మధ్యలో పది మీట్లు పడితే రాగం ముక్కలైపోతుంది. పోనీ తీగను లాగి ఊపుదామంటే, జంటలో ఒకటి పిసరంత తక్కువ సాగినా అపశ్రుతే.

శ్రీనివాస్ జంటలను వదిలేసి ఒంటి తీగలకు వచ్చారు. మంద్రం కోసం అయిదో తీగ చేర్చారు. వాద్యాన్ని ఎలక్ట్రిక్ చేసుకున్నారు. దీంతో ఒక్క మీటుకే తీగ చాలాసేపు పలుకుతుంది. సన్నగిల్లే చివరి భాగాన్ని కూడా యాంప్లిఫయర్ మన చెవిదాకా తెస్తుంది. ఆ వ్యవధిలో ఎడమచేయి మెట్ల మీద జారుతుంది, తీగను పక్కకు లాగుతుంది, వదులుతుంది. కుడిచేయి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడమే అసలు విద్య.

రాక్ గిటారిస్టులు కరెంటును ఎక్కువగా హోరుకూ గరుకుదనానికీ వాడుకుంటే, ఈయన స్వరం నిడివికి వాడుకున్నారు. 1969లో, అంటే ఈయన పుట్టిన ఏడే, డీప్ పర్పుల్ అనే రాక్ బృందం లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి జాన్ లార్డ్ రాసిన కన్చెర్టో వాయించింది. సాహసమే, కాదనను. కానీ అందులో చాలాసేపు రెండు పక్షాలూ వంతులు వేసుకున్నట్టు ఉంటాయి. శ్రీనివాస్ దగ్గర రెండు పక్షాలు లేవు. పక్కన వయొలిన్, మృదంగం. కచేరీ పద్ధతి మారలేదు, మారింది వాద్యమే.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ, 1981లో మద్రాసు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లేనాటికి పద్నాలుగేళ్లు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందం. ఆ మెక్‌లాఫ్లిన్ కూడా మహావిష్ణు ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్‌తో హోరెత్తించి, 1970ల్లోనే 'శక్తి' బృందం కోసం మెట్ల మధ్య చెక్కను గుంటగా తొలిపించిన అకూస్టిక్ గిటార్ పట్టినవాడు. ఆయనకూ కావలసింది గమకమే.

1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో చేసిన 'డ్రీమ్' ఆల్బమ్ మరో విచిత్రం. స్వరం ఎంతసేపైనా ఆగకుండా మోగే 'ఇన్ఫినిట్ గిటార్' తయారుచేసుకున్న మనిషి బ్రూక్. ఆయన పక్కన కూర్చున్నా శ్రీనివాస్ మాండొలిన్‌లో స్వరం సన్నగిల్లుతూనే ఉంటుంది.

చిన్నప్పటి కచేరీల్లో స్వరకల్పన వేగం చప్పట్ల కోసమా అనిపించే ఘట్టాలు లేకపోలేదు. 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయిన ఆయన రికార్డులు కొత్తగా వినేవాళ్లు అక్కడ మొదలుపెట్టవద్దు. విలంబంలో సాగే ఆలాపన ఒకటి తీసుకుని, మీట్లను లెక్కపెడుతూ వినండి. వినబడే స్వరాలకంటే అవి ఎంత తక్కువో తేలిపోతుంది.